బావికి అడ్డం కూర్చున్న అవ్వ

నా చిన్నప్పుడు, కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, ఆళ్లగడ్డ దగ్గరి మా పల్లెలో చలిజ్వరం ఇంటింటికీ తిరిగింది. మా తమ్ముడికి మూడోసారి వచ్చేసరికి మా నాయన బెదిరిపోయాడు. దోమలన్నీ మా చేని దిగుడుబావిలోనే పుడుతున్నాయని ఎవరో చెప్పారు. ఆయన నంద్యాల పోయి బావిలో పోయడానికి పురుగుల మందు డబ్బా తెచ్చాడు. నాచు, కప్పలు, చేపలు అన్నీ పోతే నీళ్లు శుభ్రమవుతాయని ఆయన నమ్మకం.

మా అవ్వ, అంటే నాయనకు తల్లి, ఆ మాట వినగానే పోయి బావి మెట్లకు అడ్డం కూర్చుంది. నేనూ వెంట పోయాను.

"లెయ్‌మా, బిడ్డ సచ్చిపోతాడు," అన్నాడు నాయన.

"నాకు మాత్రం మనవడు కాదా? వారం దినాలు తాళు. అప్పుడు కూడా పోస్తానంటే ఆ మందు నా నెత్తిన పొయ్."

ముసలిదానికి కప్పల మీద ప్రేమ పుట్టిందని పక్క చేని వాళ్లు నవ్వారు. అవ్వ కదల్లేదు. నాయనే వెనక్కి తిరిగాడు.

పెరట్లో అవ్వ రెండు బానలు పెట్టించింది. రెండింటిలోనూ బావి నీళ్లే. ఒకదానిలో గుడ్డతో వడగట్టి పోసింది. రెండోదానిలో బావి అడుగు మట్టి, ఒక నాపరాయి ముక్క, కొంచెం నాచు, నాలుగు చేపపిల్లలు వేసింది. రోజూ చూసి చెప్పే పని నాది.

ఆరో రోజు వడగట్టిన నీళ్లలో తోకాడించే పురుగులు కిటకిటలాడాయి. చేపలున్న బానలో ఒక్కటీ లేదు. నా కేకకు నాయన వచ్చి చాలాసేపు వంగి చూశాడు. అవ్వ ఆ పురుగుల నీళ్లు ఎండకు కాలిన నేల మీద పారబోసింది.

"దోమలయ్యేది ఇవే. వీటిని చేప తింటాది. చేపకు నాచు కావాల. నాచుకు ఎండ, మట్టి కావాల. మట్టికీ రాయికీ పాణం లేదు గానీ, పాణముండేవన్నీ వాటి మీదనే నిలబడతాండాయి. ఇంగ నీ పెరట్లో పగిలిన కుండలు చూసుకో పో. దోమలు ఆడ పుడతాండాయి."

నాయన కుండలన్నీ బోర్లించాడు. తెచ్చిన మందు ఇంటి గోడలకు కొట్టించాడు. తమ్ముడికి జ్వరం తగ్గింది ఆసుపత్రిలో ఇచ్చిన చేదు బిళ్లలతోనే. ఆ మాట అవ్వే అందరికీ చెప్పేది, లేని గొప్ప తన మీద వేసుకోలేదు.

మరుసటి ఏడు బడిలో పంతులు, పలక మధ్య గీత గీసి ప్రాణమున్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క రాయమన్నాడు. పేర్లన్నీ రాశాను. అవ్వ మాట గుర్తొచ్చి గీత మాత్రం గీయలేదు. అరచేతుల మీద రెండు దెబ్బలు పడ్డాయి. బాగా మండింది. ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. ఆ గీత ఇంకా గీయలేదు. గీయను.