జ్వరంతో పనికి వచ్చిన రోజు

ఆ వృద్ధాశ్రమంలో ఆయమ్మది పదిహేడేళ్ల చాకిరీ. పద్నాలుగు మంచాలు. ఎవరికి పళ్లు లేవు, ఎవరికి కోపం ముక్కు మీదుంటుంది, అన్నీ ఆమెకు కొట్టిన పిండి. అందరిలోకీ దర్జీ తాతంటే ఆమెకు ఇష్టం. చూపు ఆనకపోయినా కొత్త దుప్పటి అంచు వేలితో తడిమి, "ఎవడే దీన్ని కుట్టింది? కత్తెరతో కుట్టినట్టుంది" అని నవ్వించేవాడు. ఆమె తినిపిస్తేనే తినేవాడు.

చలికాలం మొదట్లో నర్సమ్మ ఫ్లూ టీకాలు తెచ్చింది. ముసలివాళ్లందరికీ దగ్గరుండి వేయించిన ఆయమ్మ, తన వంతు వచ్చేసరికి తప్పుకుంది.

"నాకేం నర్సమ్మా, గుండ్రాయిలా ఉన్నాను."

నెల తిరక్కుండానే దగ్గు, జ్వరం పట్టుకున్నాయి. ఇంట్లో పడుకుందామంటే రెండో ఆయా సెలవులో ఉంది. తను కూడా రాకపోతే వాళ్లకు ముద్ద పెట్టేదెవరు? మాస్కు పెట్టుకుని వచ్చింది. ఊపిరాడక మధ్యాహ్నానికి దాన్ని గడ్డం కిందికి లాగేసింది. దగ్గొచ్చినప్పుడల్లా చేయి అడ్డం పెట్టుకుంది. ఆ చేత్తోనే చెంచా పట్టుకుంది.

నాలుగో రోజుకు ఆరుగురు మంచం దిగలేకపోయారు. ఐదుగురు తేరుకున్నారు. దర్జీ తాత ఊపిరితిత్తులు ముందే పాడై ఉన్నాయి. ఆసుపత్రికి వెళ్లిన మనిషి తిరిగి రాలేదు.

"నీవల్లేనని ఎవరూ చెప్పలేరమ్మా" అన్నాడు డాక్టరు.

"ఒకరు చెప్పాలా సార్" అంది ఆమె.

తాత సామాన్ల కోసం కూతురు వచ్చింది. బట్టలు మడతపెడుతూ, "నాన్నకు నువ్వంటే ప్రాణం అక్కా" అంది. ఆ మాట ఆయమ్మకు మింగుడుపడలేదు. జ్వరం సంగతి, మాస్కు సంగతి దాచకుండా చెప్పేసింది.

కూతురు మిగిలిన బట్టలు మడత పెట్టకుండానే సంచిలో కుక్కింది. "చెప్పకుండా ఉండాల్సింది" అని మాత్రం అని, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

మరుసటి ఏడు టీకా వరుసలో ఆయమ్మే ముందు నిలబడింది. నలతగా ఉన్నవాళ్లు పనికి రాకూడదని, ఆ రోజు జీతం కోయకూడదని మేనేజరు వెంటపడి ఒప్పించింది. గుమ్మంలో సబ్బు, నీళ్లు పెట్టి, చేతులు కడుక్కోనిదే చుట్టాలెవరినీ లోపలికి రానివ్వలేదు. తుమ్మిన పాపానికి ఒకనాడు మేనేజరునే ఇంటికి పంపింది. ఆమె వెనక అందరూ పోలీసమ్మ అనుకునేవారు.

ఆ చలికాలం ఎవరూ ఆసుపత్రి మెట్లెక్కలేదు. ఆ సంగతి చెప్పుకోవాలనిపించి తాత కూతురికి ఫోను చేసింది. ఆయమ్మ గొంతు గుర్తుపట్టగానే కూతురు ఫోను పెట్టేసింది.

ఆయమ్మ ఫోను పక్కన పెట్టి, మాత్రల వేళయిందని లోపలికి వెళ్లింది.