లెక్కల మేడం అతికించిన మెమరీ

మా కాలేజీ లెక్కల మేడం పోయారని జగ్గయ్యపేట నుంచి ఫోన్ వచ్చింది. మూడోరోజే నందిగామలో సంతాప సభ. మైకు పట్టుకున్న ప్రతివాడిదీ ఒకటే పాట: "ఉన్నదాంతో సర్దుకుపోయే మనిషండీ." నాకు ఒళ్లు మండింది. సర్దుకుపోవడమా? ఆవిడా? అదే కాలేజీలో సివిక్స్ చెబుతూ ఏళ్ల తరబడి ఆవిడతో పోట్లాడినవాణ్ణి, నాకు తెలీదా?

తొంభైల చివర మాట. కాలేజీలో కంప్యూటర్ల గదికి ఎప్పుడూ తాళమే. తనిఖీకొచ్చే రోజు తీసి, దుమ్ము దులిపి, మళ్లీ వేసేవాళ్లు. మేడం హైదరాబాద్‌లో పాత సామాన్ల కొట్లో ఒక గ్రాఫింగ్ కాలిక్యులేటర్ కొనుక్కొచ్చారు. సమీకరణం కొడితే దాని బుల్లి తెర మీద గ్రాఫు గీస్తుంది. చిన్న చిన్న ప్రోగ్రాములూ దాచుకుంటుంది. వత్సవాయి, వీరులపాడు బస్సుల్లో వచ్చే పిల్లలు వంతులేసుకుని దాంట్లో ప్రోగ్రాములు రాసేవాళ్లు. కొన్నాళ్లకి మెమరీ నిండిపోయింది. కొత్తది పట్టాలంటే పాతది ఒకటి చెరపాలి.

"ఎవరిది చెరపమంటావయ్యా సివిక్స్? నువ్వే చెప్పు" అన్నారు.

"ఎవరిదీ వద్దు మేడం. ఆ గది తాళం తీయమని అడుగుదాం. మీరిట్లా అతుకులేస్తుంటే వాళ్లకింకా హాయి."

"అర్జీ రాసుకురా, మొదటి సంతకం నాదే. ఈలోపు నేను దీనికి ఇంకో మెమరీ చిప్పు టంకం పెట్టుకుంటా."

రాశా. మొదటి సంతకం ఆవిడది, రెండోది నాది. మూడోది రాలేదు. మొన్న మైకు పట్టుకున్నవాళ్లలో నలుగురు అప్పుడు అదే స్టాఫ్ రూములో కూర్చుని టీ తాగుతున్నారు.

ఆవిడ మాత్రం జగ్గయ్యపేటలో రేడియోలు బాగుచేసే షాపులో కూర్చుని పని నేర్చుకున్నారు. లోపలున్న మెమరీ చిప్పు నెత్తిన అలాంటిదే ఇంకోటి పెట్టి, పిన్నుల్లాంటి వాటి కాళ్లని కాలుకి కాలు అతకాలి. ఒక్క కాలు మాత్రం విడిగా స్విచ్చికి కలపాలి. ఇటు నొక్కితే పాత మెమరీ, అటు నొక్కితే కొత్తది.

"ముందు బ్యాటరీలు తీసెయ్యండమ్మా" అన్నాడు షాపాయన. తీస్తే పిల్లల ప్రోగ్రాములన్నీ పోతాయి. "కాగితం మీద దించుకుని తీయండి మేడం" అని నేనూ మొత్తుకున్నా. వింటేగా. "ఇంతమందివి ఎప్పటికి దించుతాం, తీయకుండానే కానిద్దాం" అన్నారు. టంకం కడ్డీ కొస ఎక్కడో తగిలింది. తెర ఖాళీ. ఒక్కటీ మిగల్లేదు.

మర్నాడు క్లాసులో నిలబడి, "తప్పు నాది. మీరు చేసిన పని నేను పోగొట్టాను" అన్నారు. మన కాలేజీల్లో పిల్లల చేత క్షమాపణ చెప్పించుకునేవాళ్లనే చూశాను, చెప్పినవాళ్లని ఆ ఒక్కసారే చూశాను. వత్సవాయి పిల్ల ఒకతి, "పోన్లెండి మేడం, నాది ఎలాగూ తప్పే చూపించేది" అంది. క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

ఆదివారం బ్యాటరీలు తీసి మళ్లీ అతికారు. ఈసారి రెండు మెమరీలూ పనిచేశాయి. సోమవారం సాయంత్రం పిల్లలు బస్సు వదిలేసుకుని మరీ, పోయినవాటిని గుర్తుచేసుకుంటూ ఒక్కో మీటా నొక్కుతున్నారు. పక్కనే మేడం, ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుని, ప్రతి ప్రోగ్రామూ రాసినవాళ్ల పేరుతో సహా పెన్నుతో దించుకుంటున్నారు.