హీరోగారి పన్ను

నూట పది సినిమాల్లో మేడల మీంచి దూకిన హీరోగారికి సూదంటే చచ్చేంత భయం. నిజానికి దూకేది ఆయన డూపు; అతను కిందపడ్డాక హీరోగారు ఒంటికి దుమ్ము పూసుకుని, అదే చోట లేచి నిలబడి మీసం మెలేసేవారు. అరవయ్యో ఏట దవడ పన్ను పుచ్చింది. పళ్ల డాక్టరమ్మ సూది ఎత్తగానే ఆయన అలవాటుకొద్దీ కుర్చీ దిగి, "డూప్!" అని కేకేశారు. తోడొచ్చి బయట కూర్చున్న డూపు పరుగున వచ్చి, కుర్చీ ఎక్కి నోరు తెరిచాడు.

"ఇంతకీ నొప్పి ఎవరికండీ?" అంది డాక్టరమ్మ.

హీరోగారు సిగ్గుపడి, డూపుని దింపి మళ్లీ కూర్చున్నారు. "పోనీ, నా చెయ్యి పట్టుకోరా."

"పట్టుకున్నా అన్నగారూ, మీరు కళ్లు మూసుకోండి."

పన్ను ఊడింది, గది అదిరేలా కేక వినిపించింది. ఆ కేక, ఆయన పిడికిట్లో వేళ్లు నలిగిన డూపుది. దూది కుక్కిన నోటితో హీరోగారు ముప్పై ఏళ్లలో మొదటిసారి అడిగారు: "బాగా నొప్పెట్టిందా?"