మోహనం అనుకున్న శుద్ధధన్యాసి

ఆ రోజుల్లో వెదురుకు చిల్లులుంటే చాలు, అది నా మాట వింటుందని నాకు గట్టి నమ్మకం. రాజమండ్రిలో చిన్నప్పటినుంచీ వేణువు నేర్చుకున్నవాణ్ణి మరి. చదువు కోసం దేశం దాటి వచ్చి మాసన్ లేక్స్‌లో యూనివర్సిటీలో చేరిన మొదటి వేసవిలోనే ఇక్కడి పొడిగాలికి నా వేణువు నిలువునా చీలిపోయింది. సరిగ్గా అప్పుడే లేక్ పక్క బెంచీ మీద ఒక జపాన్ పెద్దావిడ లావుపాటి వెదురుగొట్టం (షాకుహాచి అంటారు, నిలువుగా పట్టుకుని పైఅంచు మీద ఊదాలి) వాయిస్తూ కనబడింది. "నేనూ ఫ్లూటు వాయిస్తాను, ఇది నేర్పుతారా?" అని ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, మర్నాడు పాతదొకటి తెచ్చి చేతికిచ్చి, "ముందు ఒక్క స్వరం," అన్నారు.

ఒక్క స్వరమా! వర్ణాలు వాయించినవాణ్ణి నేను. తీరా ఊదితే గాలి తప్ప ఏమీ రాలేదు. వారాల తరబడి గదిలో బుస్సు బుస్సుమంటుంటే మా వరంగల్ రూమ్మేట్ "కుక్కర్ పెట్టినవా రా? విజిల్ వస్తలేదేంది?" అని అరిచేవాడు. అయినా నా ధైర్యం చెక్కుచెదరలేదు. ఉగాది ఫంక్షన్ జరిపించే మృదంగం అంకుల్ "ఏమైనా వాయిస్తావా బాబూ?" అనగానే, "మోహనంలో వర్ణం అంకుల్, జపాన్ ఫ్లూట్ మీద. ఇక్కడెవరూ విని ఉండరు," అన్నాను. (ఎందుకు విని ఉండరో ఆలోచించలేదు.) ఆయన వెంటనే వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. ఈ సంగతి చెబితే నా జపాన్ గురువుగారు "ఆ ఒక్క స్వరం వస్తోందా?" అని మాత్రం అడిగారు. "రోజూ వస్తోంది, అప్పుడప్పుడూ," అన్నాను.

ఉగాది రోజు కమ్యూనిటీ హాలు నిండిపోయింది. గురువుగారు పులిహోర ప్లేటుతో వెనకవరసలో కూర్చున్నారు. నేను పట్టు లాల్చీ సర్దుకుని, రాగం పేరు మైకులో గట్టిగా చెప్పి ఊదాను. గాలి. మళ్లీ ఊదాను. మళ్లీ గాలే. ముందువరసలో ఒక చిన్నపిల్ల "మమ్, ఈజ్ ఇట్ బ్రోకెన్?" అంది. అంకుల్ మృదంగం మీదికి వంగి "ఏవయ్యా, ఎప్పుడు మొదలెడతావు?" అన్నారు నెమ్మదిగా. "ఇది ఆలాపన అంకుల్," అన్నాను. ఇక వర్ణం సంగతి వదిలేసి, కళ్లు మూసుకుని, ఆ ఒక్క స్వరం కోసం ఊదాను. వచ్చింది! లోతుగా, కాస్త బొంగురుగా హాలంతా పాకింది. పులిహోర దగ్గర మాటలు ఆగిపోయాయి. వదలబుద్ధి కాక, ఊపిరి ఉన్నంతసేపూ దాన్నే పట్టుకుని, ఆ తరవాత వేళ్లు ఒక్కొక్కటే ఎత్తాను. ఆ వెదురు తనకు పుట్టుకతో వచ్చిన స్వరాలే పలికింది. అది మోహనం కాదని నాకు రెండో స్వరానికే తెలిసిపోయింది. ఆపాలనిపించలేదు. అంకుల్ మృదంగం కూడా మెత్తగా వెంట నడిచింది.

దిగాక ఆయన "మోహనం అని చెప్పి శుద్ధధన్యాసి వాయించావేంటయ్యా?" అన్నారు. "స్టేజి మీద మనసు మారింది అంకుల్," అన్నాను ఏమాత్రం తొణక్కుండా. ఆయన పగలబడి నవ్వారు. గురువుగారు దగ్గరికొచ్చి, "మొదటి స్వరం చాలా బాగుంది. మిగతావి ఎక్కువయ్యాయి," అన్నారు.

ఇప్పుడు నేను చిల్లులు సగం సగం మూసి, తల వంచి, షాకుహాచి మీద మోహనం గమకాలతో సహా వాయించగలను. పొద్దుటినుంచీ సాధన చెయ్యనిదే స్టేజి ఎక్కను, ఎక్కాక కూడా పెదవి ఎండుతూనే ఉంటుంది. శబ్దం వస్తుందో రాదో తెలియకుండానే అంతమంది ముందుకు దర్జాగా నడిచివెళ్లిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వుకుంటూనే, మైకు ముందు కూర్చునేటప్పుడు వాడి ధైర్యం కాస్త అడిగి తెచ్చుకుంటాను.