పూలు పైలం

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్లు నిండీ నిండని రోజుల్లో, పక్కింటి అక్క తన పెళ్లి కోసం పది రోజులు కూర్చుని చేసుకున్న పూల మీద నేను నీళ్లు చల్లాను. ఏదో పైపైన చల్లలేదు. చెంబులో చేయి ముంచి, వేళ్లు విదిలిస్తూ, పళ్లెంలో ఏ మూలా వదలకుండా చల్లాను. ఆ తర్వాత మా అవ్వ పాతచీర ముక్క తడిపి, పిండి, పైన కప్పాను. పని చక్కగా చేశానన్న తృప్తితో గడప మీద కూర్చుని అక్క కోసం ఎదురుచూశాను. ఆ పూలు చక్కెరతో చేసినవి.

చక్కెర నీళ్లలో కరుగుతుందని తొమ్మిదేళ్ల పిల్లకు తెలియదా అని ఎవరైనా అడగవచ్చు. తెలుసు. రోజూ చాయలో కరిగించుకుని తాగేదాన్నే. అయినా ఎందుకు చల్లానో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

అప్పుడు మేం కాగజ్‌నగర్‌లో ఉండేవాళ్లం. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. మా బాపుకు కాగితం మిల్లులో పని. మా వరుసలో ఇళ్లన్నీ ఒకే గోడ పంచుకుని, ఒకే తీరు గూనపెంకుల కప్పులతో ఉండేవి. పక్కింటివాళ్లు క్రైస్తవులు. అక్క చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుంది. అక్కడ ఒక ముసలి దొరసాని పండుగ కేకు మీద పెట్టడానికి చక్కెర పూలు చేసేదట. ఆమె పక్కన కూర్చుని అక్క ఆ పని నేర్చుకుంది. మా వాడలో కేకు తిన్నవాళ్లే తక్కువ. దాని మీద పూలు కూడా పూయిస్తారని అక్క చెబితేనే మాకు తెలిసింది.

అక్కకు సికింద్రాబాదు సంబంధం కుదిరింది. మాట ఖాయం చేసుకోవడానికి వచ్చిన రోజున పిల్లవాడి తల్లి, కేకు తామే చేయించి రైల్లో తెస్తామని చెప్పింది. అక్క తల్లి కొంచెం గర్వంగానే, తన బిడ్డకు చక్కెరతో పూలు చేయడం వచ్చునని అంది. పిల్లవాడి తల్లి నవ్వింది.

"కాగితాల ఊరు గదమ్మా, కాగితం పూలయితే దొరుకుతయి. చక్కెర పూలు ఈడ ఎవలకొస్తయి?"

లోపలి గదిలో అక్క జడ పట్టుకుని ఆడుకుంటున్న నాకు ఆ మాట స్పష్టంగా వినపడింది. అక్క జడ నా చేతుల్లోంచి విసురుగా జారిపోయింది. తలుపు చాటు నుంచే, "కేకు ఉత్తగనే తెండ్రి అత్తమ్మా. పూలు నేను పెడత," అంది.

పెళ్లి కాకముందే పిల్ల అత్తకు ఎదురు మాట్లాడటం ఆ రోజుల్లో పెద్ద సంగతి. సాయంత్రానికల్లా వాడంతా పాకింది. మా అవ్వ పొయ్యి ముందు కూర్చుని, "పూలు కుదరకపోతే గా పిల్ల జిందగీ అంత గా ఒక్క మాట పడుకుంటనే బతకాలె," అని బాపుతో అంది.

అక్క ఆ రోజు నుంచే పనిలో దిగింది. చక్కెరను తిరగట్లో విసిరి, పాత ధోవతి గుడ్డలో జల్లించేది. తుమ్మబంకను నానబెట్టి వడగట్టి, నాలుగు చుక్కల నిమ్మరసం, చిటికెడు గులాబీ రంగు వేసి, ఆ పొడిలో కలిపి ముద్ద చేసేది. గాలి తగిలితే చాలు, ముద్ద ఎండి పగుళ్లు వారేది. అందుకని దాని మీద ఎప్పుడూ తడిబట్ట కప్పి ఉంచేది. గోలీ అంత ముద్ద తీసుకుని, బొటనవేలితో పల్చగా ఒత్తి, చెంచా వీపు మీద పెట్టి వంపు తెచ్చేది. అదొక రేకు. అలాంటివి పదీ పన్నెండు ఒకదాని చుట్టూ ఒకటి అంటిస్తే గులాబీ. ఒక్కో పూవుకు ఒక పూట పట్టేది. ఊపిరి గట్టిగా వదిలినా కసిరేది. నేను ఎదురుగా కూర్చుని, నోట్లో ఊరే నీళ్లు మింగుతూ చూసేదాన్ని. విరిగిన రేకులు నావే.

పెళ్లికి ముందు రోజుకు ఇత్తడి పళ్లెం నిండా గులాబీలు తయారయ్యాయి. అప్పటికి మా బతుకమ్మ పండుగ అయిపోయి వారమైంది. రాత్రి చిన్న జల్లు పడి, తెల్లవారి మంచి ఎండ కాసింది. అక్క తల్లి అంగడికి వెళ్లింది. అక్కను పాస్టరు అయ్యగారు చర్చికి రమ్మని కబురు పెట్టారు. వెళ్తూ వెళ్తూ నన్ను పిలిచి కాపలా పెట్టింది.

"చెల్లె, గంటల వస్త. పూలు పైలం!"

పైలం అంటే మా దిక్కు జాగ్రత్త అని. ఊరికి పోయేవాళ్లకు చెబుతాం, బాయి దగ్గరికి పోయే పిల్లలకు చెబుతాం. కానీ మా ఇంట్లో పూలు పైలం అన్నారంటే దానికి ఒకటే అర్థం. బతుకమ్మకు ముందు రోజు తెచ్చిన తంగేడు, గునుగు పూలు మరునాటికి వాడిపోకుండా నీళ్లు చల్లి తడిబట్ట కప్పాలి. ఇంట్లో ఆ పని నాది. వారం కిందటే చేసి అవ్వ చేత మెప్పు పొందాను. ఇప్పుడు అక్క గులాబీలను చూస్తే అంచులు తెల్లబారి, గట్టిపడి, అక్కడక్కడ సన్నగా చిట్లి కనిపించాయి. వాడుతున్నాయనుకున్నాను. అక్క కూడా ముద్దకు తడిబట్టే కప్పేది కదా. పది రోజులు అవి చక్కెర రేకులు. పళ్లెంలోకి చేరాక నా కళ్లకు అవి పూలు.

అక్క వచ్చింది. నేను లేచి నిలబడి, శభాష్ అంటుందని చూస్తున్నాను. బట్ట ఎత్తింది. పళ్లెంలో గులాబీ రంగు పాకం, అందులో మునిగీ మునగని నాలుగు మొగ్గలు. అక్క ఆ బట్టను చేతిలో పట్టుకునే నేల మీద కూర్చుండిపోయింది. నేనేం చేశానో అప్పుడు నాకు తెలిసిపోయింది. 

ఒక మొగ్గను వేలితో తాకి చూసి, "నీళ్లెందుకు చల్లినవ్ బిడ్డా?" అని అడిగింది.

"వాడిపోతయని."

నా ముఖంలోకి చూసింది. ఆమె కళ్ల నిండా నీళ్లున్నాయి. అయినా నవ్వొచ్చింది. "వాడిపోతయని!" అని నా మాటే మళ్లీ అని, కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేను పైలమన్న గని, నీళ్లు తగలనియ్యకని చెప్పలే. చెప్పనిది నాది తప్పు."

అంతలో అక్క తల్లి సంచీతో లోపలికి వచ్చింది. పళ్లెం చూసి నెత్తి కొట్టుకుంది. నేను అక్క వెనక్కి జరిగాను.

"రాత్రి వానకు కప్పు కురిసిందే అవ్వా," అంది అక్క, నా వైపు చూడకుండా. "సరిగ్గ పళ్లెం మీదనే."

"ఇగ కాగితం పూలే గతి. ఆమె అన్నదే అయ్యె!"

"ఆమె అన్నది కానియ్యను. జర నువ్వు పరేషాన్ గాకు."

గులాబీలకు ఇక పొద్దు లేదు. అక్క నన్ను దగ్గరకు లాక్కుని, "నీకే పువ్వు మంచిగ తెలుసు?" అని అడిగింది. ఇంకే పువ్వు తెలుస్తుంది, తంగేడు అన్నాను. ఎన్ని రేకులని అడిగింది. ఐదని ఠక్కున చెప్పాను. పొడి చక్కెరలో పసుపు నీళ్ల చుక్క వేసి ముద్ద కలిపింది. నా బొటనవేలి ఒత్తు సరిగ్గా తంగేడు రేకంత వచ్చేది. నేను ఒత్తుతుంటే అక్క ఐదేసి రేకులు అంటించి, గాజుల మీద వంచి ఎండలో ఆరబెట్టింది. కరిగిన గులాబీల పాకాన్ని కూడా పారేయలేదు. అందులో మళ్లీ పొడి కలిపి గట్టి చేసి, చీపురు పుల్లల మీద సన్నగా చుట్టి, కత్తెర మొనతో గాట్లు పెడితే గునుగు పూలు అయ్యాయి. పొద్దుగూకేదాకా, పెళ్లి సాయంత్రం కాబట్టి మళ్లీ తెల్లవారి లేచి మధ్యాహ్నం దాకా ఇద్దరం అదే పని. ఆ రోజంతా అక్క నన్ను ఒక్కసారి కూడా చిన్నబుచ్చలేదు. "గిది సన్నమైంది, గిది మొద్దుగైంది" అని మాత్రం అంది.

రెండు అంతస్తుల తెల్ల కేకు రైలు దిగింది. అక్కకు దాని మీద పూలు ఎలా పేర్చాలో నేనే చెప్పాను. కింద గునుగు వరుస, దాని మీద తంగేడు వరుస, చుట్టూ తిరుగుతూ పైకి. మరో పద్ధతి నాకు తెలియదు. అక్క తల్లి చూసి, "కేకా, బతుకమ్మనా?" అంది గాని ఆపలేదు.

విందులో కేకు కోసే ముందు అత్తగారు దగ్గరకొచ్చి వంగి చూసింది. ఒక తంగేడు పువ్వు తుంచి, ముందు వేళ్లతో నలిపి చూసి, తర్వాత కొరికింది. 

"చక్కెరే," అంది. "ఇదేం పువ్వు? కేకు మీద గులాబీలు గదా పెడ్తరు?"

"మా దిక్కు గివే పూస్తయి అత్తమ్మా," అంది పెళ్లికూతురు.

అత్తగారు కాసేపటికి ఎవరూ చూడటం లేదనుకుని ఇంకో పువ్వు తుంచుకుంది. నేను చూశాను. అక్క కూడా చూసింది. ముసుగు కిందనే నవ్వింది.

తర్వాత నేను చాలా ఏళ్లు పత్రికలో పనిచేశాను. కొత్తగా చేరిన పిల్లలకు పని అప్పగించేటప్పుడు, వాళ్లకు తెలిసే ఉంటుందిలే అనిపించిన మాటనే ముందుగా చెప్పడం నాకు అలవాటు. వాళ్లు పొరపాటు చేస్తే, ఏం చేశావని కాకుండా ఎందుకు చేశావని మొదట అడిగేదాన్ని. చాలాసార్లు జవాబు "వాడిపోతయని" లాంటిదే వచ్చేది. ఆ అలవాటు అక్క నుంచి వచ్చిందే.

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. పెళ్లయిన మరుసటి వారం అక్క తండ్రి నిచ్చెన వేసుకుని కప్పెక్కాడు. ఒక్క పెంకు కూడా పగిలి లేదు. అయినా నమ్మకం లేక ఆ గది మీద పెంకులన్నీ తీసి కొత్తవి వేయించాడు. ప్రతి వానాకాలం ముందు మళ్లీ ఎక్కి చూసేవాడు. అంగట్లో మా బాపు కనపడితే, "ఏడ కురిసిందో సమజైతలేదు బావా," అనేవాడు. మేం ఆ ఊరు విడిచే నాటికి కూడా ఆ కురిసిన చోటు ఆయనకు దొరకలేదు.