కోతపండుగకిచ్చిన చెక్క తెర

నాచారంలో మా ఇల్లంటే ఒకటే గది, వెనక వంటకు ఓ రేకుల షెడ్డు. అన్న పెళ్లయ్యాక ఆ గదిని రెండు చేసింది ఓ చెక్క తెర. నాయన లాలాపేట్ వైపు రైలు కార్ఖానాలో పనిచేసేవాడు. అక్కడి దొర ఒకాయన ఊరు విడిచిపోతూ దాన్ని నాయనకిచ్చాడు. మడతపెట్టే మూడు పలకలు. వాటిమీద కాల్చిన కడ్డీతో వాతలు పెట్టి గీసిన కొండలు, ఓ వాగు, వాగు ఒడ్డున గుడిసె. తడిమితే గీతలు వేలికి తగిలేవి.

తెరా, దాని అవతలి మూలా వదినవే అన్నట్టుండేది. ఓ ట్రంకుపెట్టె, చాప, చిన్న అద్దం.

"సూడు, ఈ గుడిసెకు తలుపున్నది," అని ఒకసారి నాతో అంది. నాకప్పుడు పదేళ్లు. గుడిసెకు తలుపుండక ఏముంటుంది అనుకున్నాను.

అమ్మకు మాత్రం ఆ తెర కంట్లో నలుసు. చెప్పాపెట్టకుండా పక్కకు జరిపి లోపలికి పోయేది. "నా ఇంట్ల నాకు పరదా ఏంది?" అనేది.

ఆ ఏడు కోతపండుగకు అందరూ చర్చికి గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చారు. అలా ఇచ్చినవన్నీ ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు వేలం వేస్తారు. అమ్మ ఎవర్నీ అడగకుండా తెరను మోయించుకుపోయి బలిపీఠం ముందు పెట్టించింది. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. మా ఇంట్లో కోడలి సొమ్ము అత్త దానం చేసింది! నాకైతే అమ్మ మీద ఒళ్లు మండిపోయింది.

కోళ్లు గబగబా అమ్ముడుపోయాయి. తెర వంతు రాగానే ఉప్పల్ బట్టల దుకాణం ఆయన ధర చెప్పాడు. ఆడవాళ్ల వైపు నుంచి ఇంకో గొంతు అంతకన్నా ఎక్కువ చెప్పింది. చూస్తే వదిన. మా నాయన ముందు నోరెత్తని మనిషి, కొంగు తలమీదికి లాక్కుని నిలబడి ఉంది. ఆయన మళ్లీ పెంచాడు. వదిన అక్కడే కూర్చుని, పుట్టింటివాళ్లు పెట్టిన వెండి పట్టీలు విప్పింది.

"నా తాన పైసల్లేవు అయ్యగారూ. ఇవి దీస్కోండ్రి."

దుకాణం ఆయన ఇంక ధర పెంచలేదు. అమ్మ వదిన బోసి కాళ్లనే చూస్తూ కూర్చుంది. ఇంటికి వచ్చేటప్పుడు తెరకు ఒక కొస వదిన, రెండో కొస అమ్మ పట్టుకున్నారు.

మర్నాడు పొద్దున అమ్మ చాయ్ గ్లాసుతో తెర దాకా పోయి ఆగింది. జరపలేదు. చిన్నగా దగ్గింది. లోపల ఉన్నది వదిన ఒక్కతే. అయినా "రా అత్తమ్మా," అనేదాకా అమ్మ అక్కడే నిలబడింది.