మూడో సోమవారం

మా తోడికోడలు ఎత్తిపోతల చూసింది, నేను చూడలేదు. గురజాల దగ్గర మా అత్తవారి ఊళ్ళో నా కాపురం మొదటి నాలుగేళ్ళ సంగతీ ఈ ఒక్క మాటలో చెప్పెయ్యొచ్చు. మిగతావన్నీ మా ఇద్దరికీ సమానమే. ఒకటే వంటిల్లు, ఒకటే బావి, ఒకటే అత్త. ఆమెకు నాకంటే రెండు పేటలు ఎక్కువ బంగారం ఉన్నా నాకు కళ్ళు కుట్టలేదు. ఆ ఎత్తిపోతల ఒక్కటే నన్ను నిద్రపోనివ్వలేదు.

మాచర్లకు ఏడెనిమిది మైళ్ళ అవతల, కొండల అంచున చంద్రవంక ఏరు పైనుంచి లోయలోకి దూకే చోటది. తోడికోడల్ని నేను అక్కా అని పిలిచేదాన్ని. అక్క కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు మాచర్లలో ఉన్న మా పెద్ద ఆడబిడ్డ ఇంటికి పది రోజులు పంపారట. ఆ ఆడబిడ్డ వాళ్ళు బండి కట్టించి ఆమెను అక్కడికి తీసుకెళ్ళారట. అంతే, ఆ తర్వాత ఊళ్ళో ఎవరింటికి చుట్టం వచ్చినా, బావి దగ్గర ఎవరు ఖాళీగా కనపడినా అక్క ఆ కథ ఎత్తేది.

"అరమైలు దూరం నుంచే వినపడతది. వంద రోకళ్ళు ఒకేసారి దంచినట్టు. గాలి అటు తిరిగితే సన్నగిల్లుద్ది, ఇటు తిరిగితే మన గుండెలో కొట్టుకున్నట్టే ఉంటది. ఎండపూట కూర్చున్నా మీద తుంపర పడతానే ఉంటది. తుడుచుకుంటావా, మళ్ళీ పడతది."

అందరూ చేదలు పక్కన పెట్టి నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. నేను మాత్రం చేద దించుతూనే ఉండేదాన్ని. ఎంత వినకూడదనుకున్నా చెవులు అటే ఉండేవి. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఎంత ఎత్తు నుంచి పడతాయి అక్కా? ఎన్ని పాయలు?"

"చూస్తే గాని తెలవదులే," అంది.

ఒళ్ళు మండిపోయింది. చూడనిదానివి నీకెందుకు చెప్పాలి అన్నట్టే వినపడింది నాకు. దానికి తోడు నాది బొల్లాపల్లి వైపు. మా పుట్టింటి ఊళ్ళో నీళ్ళు పాతాళంలో ఉంటాయి. "మీ ఊళ్ళో చేద మునిగిన చప్పుడు వినాలంటే చెవులు రిక్కించాలంటగా," అని అక్క నవ్వేది. ఆమె మనసులో ఏమీ లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు ఆ నవ్వు నాకు కారం పూసినట్టు ఉండేది. పదేళ్ళ వయసు నుంచి తాడు లాగి లాగి చేతులు కాయలు కాచిన దాన్ని నేను. ఎవరూ ఎత్తకుండా నీళ్ళు వాటంతట అవే వచ్చి పడే చోటు చూడాల్సింది నేనా, ఆమెనా?

యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. మామకు ఎత్తిపోతల మీద మనసు పుట్టింది. ఆయన ఏ పని తలపెట్టినా ముందు పది రోజులు అరుగు మీద కూర్చుని దాన్ని అన్ని వైపులా తిప్పి చూసేవాడు.

"భాద్రపదంలో నీళ్ళు చానా ఉంటయ్, కానీ రేగడిలో బండి దిగబడతది. మార్గశిరం దాకా ఆగితే బాట బాగుంటది, నీళ్ళు సన్నబడతయ్. కార్తీకమే సరైన కాలం. ఆదివారం మధ్యాహ్నం రైలెక్కి మాచర్ల పోదాం. రాత్రికి అమ్మాయి ఇంట్లో పడుకుని సోమవారం తెల్లారి బండి కడదాం. అక్కడ గుడి ఉంది, దీపం పెట్టుకోవచ్చు. వంట అక్కడే."

ఇంతవరకూ బాగానే ఉంది. పత్తి తీత రోజులు కాబట్టి కొడుకులిద్దరూ రారు. వాళ్ళకు వండి పెట్టడానికీ, బర్రెలు చూడటానికీ కోడళ్ళలో ఒకరు ఇంటి దగ్గర ఉండాలి. ఎవరన్నది తేల్చడానికి మామకు పది రోజులు పట్టలేదు.

"పెద్దమ్మాయి వస్తది. దానికి ఆ చోటు తెలుసు. చిన్నమ్మాయ్, నువ్వు మళ్ళీ ఏడు పోదువుగాని."

నేను తల ఊపాను. దొడ్లోకి వెళ్ళి జొన్నలు విసరడానికి కూర్చుని, మధ్యాహ్నం దాకా తిరగలి వదల్లేదు. ఒకసారి చూసినదాన్నే మళ్ళీ పంపడమేమిటి? చోటు తెలిసినంత మాత్రాన నీళ్ళు ఈమె దారి చూపిస్తే పడతాయా? వచ్చాక ఇంకో నాలుగేళ్ళు ఆ రోకళ్ళ కథ వినాలి. ఆ ఆలోచనకే నాకు కళ్ళవెంట నీళ్ళు వచ్చాయి. దుఃఖం కాదు, ఉత్త కుళ్ళు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. ఆడవాళ్ళు నెలలో బయట చేరిన మూడు రోజులూ దొడ్డి వసారాలో ఉండాలి. వంటింట్లోకి రాకూడదు, బర్రెలను తాకకూడదు, గుడి మాట సరేసరి. ఇద్దరు కోడళ్ళు ఒకేసారి బయట చేరితే అత్త ఒక్కతే చెయ్యాల్సి వస్తుంది కాబట్టి, ఎవరి రోజులు ఎప్పుడో ముందే తెలియాలని ఆమెకు పట్టుదల. అక్కకు లెక్కలంటే బద్ధకం. ఆ పని నా మీద పడింది. వసారాలో గోడకు నిలబెట్టిన నాపరాయి పలక మీద రోజుకో బొగ్గు గీత గీసేదాన్ని. అక్క బయట చేరిన రోజు గీత మీద సున్నపు చుక్క పెట్టేదాన్ని. చుక్కకీ చుక్కకీ మధ్య అచ్చంగా నాలుగు వారాలు. ఆమె ఒళ్ళు రైలు కంటే వేళకు నడిచేది.

కార్తీకం మొదటి వారంలో ఒక ఉదయం అత్త నన్ను పిలిచింది. అక్క చేలో ఉంది.

"ఏమే చిన్నమ్మాయ్, రెండో సోమవారమా మూడో సోమవారమా అని మీ మామ తొందరపెడతన్నాడు. పెద్దమ్మాయికి ఏది ఇబ్బంది లేకుండా ఉంటది? నీ గీతలు చూసి చెప్పు."

చూడాల్సిన అవసరం నాకు లేదు. కిందటిసారి అక్క బయట చేరింది అట్లతద్ది నాడు. అందరం దొడ్లో ఉయ్యాల ఊగుతుంటే ఆమె వసారాలో కూర్చుని, ఆకులో పెట్టిన అట్లు తిన్నది. అత్త మరిచిపోయింది. నేను మరిచిపోలేదు. నాలుగు వారాలు లెక్క వేస్తే మూడో సోమవారానికి ముందు రోజు. రెండో సోమవారమైతే ఏ ఇబ్బందీ లేదు.

"మూడో సోమవారం పెట్టుకోండి అత్తా," అన్నాను.

అంతటితో ఆగితే ఏదో నోరు జారిందని చెప్పుకునేదాన్ని. నేను ఆగలేదు. అక్క బయట చేరితే ఇంట్లో వంటకు నన్నే ఆపుతారని తట్టి, అదే వారం పక్కింటి పిన్ని దగ్గరికి వెళ్ళాను. ఒకవేళ అవసరం పడితే రెండు రోజులు మా ఇంట్లో వంటా పాలూ చూసిపెట్టమని బతిమాలాను. పిన్ని వెంటనే సరేనంది. పిన్ని చేస్తానన్నప్పుడు, రెండో సోమవారం అక్కా నేనూ ఇద్దరం వెళ్ళి ఉండొచ్చు. ఆ ఆలోచన నాకు రాలేదని రాయాలని ఉంది. వచ్చింది. నాకు అక్క పక్కన నిలబడి చూడటం ఇష్టం లేదు. ఆమె చూడకుండా నేను చూడాలి.

ఆ రెండు వారాలూ అక్క సంబరం చూడాలి. సజ్జ బూరెలు చేసింది. చింతపండు పులుసు కాచి జాడీకి ఎత్తింది. గుడ్డలు కంట్రోలు దుకాణంలో దొరికే ఆ రోజుల్లో, పెళ్ళినాటి సంపెంగ రంగు చీర ఒకటి భద్రంగా దాచుకుంది. దాన్ని తీసి ఎండలో వేసింది. ఆ చీర వైపు చూసినప్పుడల్లా నాకు గీతలు గుర్తొచ్చేవి. ఇంకా తొమ్మిది, ఇంకా ఐదు, ఇంకా రెండు. పాపమనిపించలేదు. ఈ గీతల లెక్క తప్పకుండా ఉంటే చాలునని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఆ దణ్ణం గురించి ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆదివారం పొద్దున నేను పాలు పితికి వచ్చేసరికి అక్క వసారాలో, ఆ నాపరాయి ఎదురుగా చాప వేసుకుని కూర్చుంది. మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని నేలకేసి చూస్తోంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

అత్త బయటికి వచ్చి ఆమెను చూసి, నా వైపు తిరిగింది. "ఏందే, నీ లెక్క తప్పిందా?"

"ముందొచ్చినట్టుంది అత్తా," అన్నాను.

కాసేపు అందరూ గొణుక్కున్నారు. మానుకుందామంది అత్త. ఆడబిడ్డ ఎదురుచూస్తుంటుందన్నాడు మామ. పిన్ని సంగతి చెప్పాను. నన్ను బయల్దేరమన్నారు. నేను గబగబా మూటలు కడుతుంటే అక్క దూరం నుంచే పిలిచింది.

"ఏమే, నా పెట్టె తెరిచి ఆ సంపెంగ రంగు చీర తీసుకో. నువ్వు కట్టుకో. నీళ్ళ దగ్గర బాగుంటది. రాళ్ళ మీద పాకుడు ఉంటదేమో, చూసి అడుగెయ్."

తీసుకున్నాను. వద్దనలేదు. రైల్లో, జనం మధ్య మూట చంకన పెట్టుకుని నిలబడి, ఆ చీర నాకు ఎలా ఉంటుందా అని మాచర్ల దాకా ఆలోచించాను.

సోమవారం తెల్లవారి బండి కట్టారు. అత్తా, మామా, ఆడబిడ్డా, నేనూ. బాటంతా రాళ్ళే. రెండు మూడు గంటలు ఎముకలు కదిలిపోయాక మామ చెయ్యెత్తి వినమన్నాడు. నిజంగానే వంద రోకళ్ళు. బండి ఆగీ ఆగకముందే దూకి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని రాళ్ళ మీద పరుగెత్తాను. ఉన్నట్టుండి నేల అయిపోయింది. ఎదురుగా నీళ్ళు పడుతున్నాయి.

మూడు పాయలు. నడిమిది లావు, మిగతా రెండూ దాని పక్కన సన్నగా. పడేటప్పుడు చిలికిన మజ్జిగలా తెల్లగా ఉన్నాయి. కింద మడుగులో చేరాక పచ్చగా, ఆకు పసరు రంగు. ఎవరూ తాడు లాగటం లేదు. ఎవరి చేతులూ నొప్పి పుట్టటం లేదు. అన్ని నీళ్ళు అలా పడిపోతుంటే చూసి, వాటిని పట్టుకోవడానికి బిందె లేదే అని ముందు గాభరా పడ్డాను. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత, ఇక బావి దగ్గర కథ చెప్పేది నేను అనుకున్నాను. అందరూ చేదలు పక్కన పెడతారు, అక్క వింటుంది. నా జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను.

వంటకు ఆడబిడ్డ పిలిచింది. ఒక పెద్ద బండ వెనకాల చింతచెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేస్తోంది. అత్తకు ఉపవాసం, మిగతావాళ్ళకు వంకాయ కూర. నేను వంకాయలు ముందేసుకుని కూర్చున్నాను. ఆడబిడ్డ పుల్లలు విరుస్తూ అంది.

"పెద్ద మరదలికి ఈ నీళ్ళు రాసి పెట్టి లేవే. అప్పుడూ ఇంతే. బండి దిగీ దిగగానే బయట చేరింది. గుడి ఉన్న చోటు, మా అత్త ఊరుకోదు. ఇదిగో, నువ్వు కూర్చున్న చోటే కూర్చోబెట్టాం. సాయంత్రం బండి కట్టేదాకా ఇక్కణ్ణుంచి కదల్లా పాపం. కొత్త పెళ్ళికూతురు. ఇంట్లో చెప్పొద్దు వదినా అని నా చెయ్యి పట్టుకుంది. నేనూ ఎవరికీ చెప్పలా."

నేను అటు చూశాను. బండ అడ్డం. ఆ చింతచెట్టు కింద నుంచి ఒక్క పాయ కూడా కనపడదు. చప్పుడు మాత్రం వినపడుతుంది. గాలి అటు తిరిగితే సన్నగిల్లింది, ఇటు తిరిగితే గుండెలో కొట్టుకుంది. సంపెంగ రంగు చీర మీద తుంపర పడింది. తుడుచుకున్నాను, మళ్ళీ పడింది.

చూస్తే గాని తెలవదులే. ఆ మాట అక్క గొప్పకు అనలేదు. ఉన్నమాటే అంది.

నాలుగేళ్ళు నేను కుళ్ళుకున్నది ఈ చెట్టు నీడ చూసి. కూర ఎవరు వండారో, నేనేం తిన్నానో గుర్తులేదు. తిరిగి ఆ అంచు దాకా వెళ్ళమని మామ రెండుసార్లు చెప్పాడు. కాళ్ళు నొప్పులని చెప్పి చెట్టు కిందే ఉండిపోయాను.

మంగళవారం మధ్యాహ్నం ఇల్లు చేరాం. అక్క ఇంకా వసారాలోనే ఉంది. నేను మూటలు దించగానే పిలిచింది. దూరంగా గడప మీద కూర్చున్నాను.

"ఎట్టా ఉందే?"

"నువ్వు చెప్పినట్టే ఉంది అక్కా," అన్నాను. దారి పొడుగునా కూడబలుక్కున్న మాట అది.

ఆమె చాప మీద కొంచెం ముందుకు జరిగింది. తర్వాత, బావి దగ్గర అందరికీ చెప్పే గొంతుతో కాకుండా, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"ఎన్ని పాయలుగా పడతన్నయ్యే?"

చెప్పాను. నడిమిది లావని, మజ్జిగ తెలుపని, మడుగు పసరు రంగని, బిందె లేదని గాభరా పడ్డానని కూడా చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుని వింది. మధ్యలో ఒకసారి ఆపి, పక్క పాయలు నడిమిదానికి ఎంత దూరమని అడిగితే చేతులు చాచి చూపించాను. మరుసటి ఏడు వానలు లేవు. ఆ పై ఏడు మామ లేడు. మళ్ళీ మా ఇంట్లో ఎత్తిపోతల మాట ఎవరూ ఎత్తలేదు. అక్క ఆ నీళ్ళు చూడకుండానే పోయింది.

ఆ రోజు మాటలయ్యాక ఆమె తాగడానికి నీళ్ళు అడిగింది. చెంబు దించి వస్తుంటే, ఆదివారం హడావుడిలో చుక్క పెట్టలేదని గుర్తొచ్చింది. సున్నం వేలికి అద్దుకుని నాపరాయి దగ్గరికి వెళ్ళాను. నేను లేని రోజుల గీతలు గీసి ఉన్నాయి. ఆదివారం గీత మీద సున్నపు చుక్క ఉంది, నా చుక్కల కంటే లావుగా. అక్కడి నుంచి వెనక్కి అట్లతద్ది చుక్క దాకా, ప్రతి ఏడు గీతల కిందా గోరుతో గీకిన గుర్తు ఉంది. నాలుగు గుర్తులు.

అవి లెక్కపెట్టుకున్నాకే ఆమె నన్ను పిలిచి, పాయలెన్నని అడిగింది.